విందు మర్నాడు పూట మానేయాలా?

నీలిగోరింట: విందు మర్నాడు తూకం కిలోన్నర ఎక్కువ చూపించగానే చాలామంది తిండి మానేస్తారు, లేకపోతే రొప్పుతూ రెండు గంటలు పరుగెత్తుతారు. ఒంటిని తిట్టుకోకుండా మళ్లీ గాడిలో పడాలంటే ఏం చేయాలో తెలిసినవాళ్లు రాయండి.

మెట్లదారి: ముందు లెక్క చూడండి. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. కిలోన్నరకు పదకొండు వేల పైమాటే, ఒక్క విందులో అయ్యే పని కాదు. పెరిగింది దాదాపుగా నీరు, ఇంకా అరగని తిండి. గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఇంకొంత. మామూలుగా తింటూ ఉంటే నాలుగైదు రోజుల్లో అదే దిగుతుంది. నెలసరి ముందు కూడా ఇలాగే ఒళ్లు నీరు పడుతుంది.

తీరిక: పూట మానారంటే సాయంత్రానికి ఆకలి వడ్డీతో సహా వసూలు చేస్తుంది. రాత్రి డబ్బా మూత తీసి నిలబడే తినేయడం, ఆపైన బాధపడి మళ్లీ మానడం. ఇది మీ బలహీనత కాదండీ. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులను ఆరు నెలలు అరకడుపుతో ఉంచితే వాళ్ల ధ్యాసంతా తిండి మీదే నిలిచింది. తిండి పెంచాక చాలామంది ఆగలేకపోయారు. అందుకే మర్నాడు రోజూ తినే వేళకే తినండి: పళ్లెంలో సగం కూరగాయలు, పావు ప్రొటీన్, పావు పిండిపదార్థం.

మెట్లదారి: వ్యాయామాన్ని జరిమానాలా కట్టకండి. మాట్లాడగలిగి, పాడలేనంత వేగంతో అరగంట నడక చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి ఇలాంటి వ్యాయామం 150–300 నిమిషాలు, కండరాల పని కనీసం రెండు రోజులు. కొత్తవాళ్లు గోడ పుషప్‌లతో (గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచి మళ్లీ వెనక్కి నెట్టడం) మొదలుపెట్టండి. అరచేతులు ఛాతీ ఎత్తులో, పాదాలు గోడకు చేతి పొడవుకన్నా కాస్త దూరంలో. మడమ నుంచి తల దాకా ఒకే గీత. నడుము కిందికి జారుతోందంటే పొట్ట బిగించలేదన్నమాట, ఒక అడుగు గోడవైపు జరగండి. ఎనిమిదేసి రెండు సెట్లు, ఇంకో రెండు చేయగలమనిపించగానే ఆపేయండి. పన్నెండు తేలికయ్యాక గట్టి బల్ల అంచుకు మారండి. కండరాల నొప్పి 24–72 గంటల మధ్య ముదిరి తగ్గుతుంది. కీలులో పోటు పొడిస్తే మాత్రం ఆ కదలిక వద్దు.

నీలిగోరింట: మరి అద్దం ముందు నిలబడగానే వచ్చే తిట్లు?

తీరిక: దానికి బట్టలతో మొదలుపెట్టండి. బిగుతు నాడా రోజంతా నడుము మీద ఎర్రటి గీత గీస్తూ గుర్తు చేస్తూనే ఉంటుంది. ఇప్పటి కొలతకు సరిపోయేవి రెండు జతలు చాలు, సన్నబడ్డాక వేసుకుందామని దాచినవి పైఅరలోకి. తర్వాత మాట. “నేనింతే” అనేది తీర్పు. “మధ్యాహ్నం తినలేదు, అందుకే రాత్రి ఎక్కువైంది” అనేది కారణం. కారణం దొరికితే రేపటి మధ్యాహ్నం భోజనం సర్దుకోవచ్చు, తీర్పుతో ఏమీ చేయలేం.

మెట్లదారి: ఒక హెచ్చరిక. తిన్నది కక్కేయడం, దాచుకుని తినడం, రోజంతా తిండి లెక్కల్లోనే ఉండటం కనిపిస్తే ఈ చిట్కాలు పక్కనపెట్టి డాక్టర్‌ని కలవండి. తూకం మాత్రం వారానికొకసారే, అదే రోజు, అదే వేళ. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన రాస్తే గానీ అసలు దారి కనబడదు.