బీచ్‌లో బ్యానర్ లాగే విమానం: మావాడిని పంపాలా, వద్దా?

జెర్సీ_నాన్న:
మావాడికి ఇక్కడ అమెరికాలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చింది. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే 1,500 గంటలు ఎగరాలట. వాడివి 260. మిగతావి సముద్రం ఒడ్డున ప్రకటనల బ్యానర్లు లాగి పూర్తి చేస్తానంటున్నాడు. నాకైతే ప్రాణంతో చెలగాటంలా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

టెయిల్‌వీల్:
ఫ్లోరిడాలో ఈ పని చేశాను. అసలు ప్రమాదం బ్యానర్‌ని అందుకునేటప్పుడు. దాన్ని కట్టుకుని రన్‌వే మీద పరిగెత్తం. గడ్డిలో రెండు కర్రలు నిలబెట్టి మధ్యలో బ్యానర్ తాడు కడతారు. విమానం వెనక కొక్కెం వేలాడుతూ ఉంటుంది. బాగా కిందికి వచ్చి, కర్రలు దాటగానే ఫుల్ పవర్ ఇచ్చి ముక్కు పైకెత్తాలి. కొక్కెం తగిలితే అక్షరాలు ఒక్కొక్కటే గడ్డి మీంచి లేస్తాయి. అప్పటికి స్పీడ్ పడిపోతూ ఉంటుంది. ఇంజిన్ మొరాయిస్తే వెంటనే ముక్కు దించాలి. దించకపోతే స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక అది పడిపోతుంది, ఆ ఎత్తులో ఇక తేరుకోలేం. నేర్చుకుంటే వచ్చే పనే.

కిరణ్78:
2021 జులైలో న్యూజెర్సీ ఓషన్ సిటీలో బ్యానర్ విమానం నడుపుతున్న 18 ఏళ్ల కుర్రాడు ఇంజిన్ ఇబ్బంది పెడితే బ్రిడ్జి మీద దించేశాడు. ఎవరికీ ఏం కాలేదు. ఇంకేం టెన్షన్?

జెర్సీ_నాన్న:
కార్లు తిరిగే బ్రిడ్జి మీద దించడం సేఫా?

కిరణ్78:
ట్రాఫిక్‌లో ఖాళీ చూసే దించాడండీ.

జెర్సీ_నాన్న:
ఖాళీ దొరక్కపోతే?

టెయిల్‌వీల్:
బ్రిడ్జిని వదిలేయండి బాబూ! ముందు బ్యానర్‌ని సముద్రంలో వదిలేశాడు, చూడాల్సింది అది. బ్యానర్ వెనక్కి ఈడుస్తుంటే గ్లైడ్ చేయడం, అంటే ఇంజిన్ లేకుండా గాల్లో జారుతూ దిగడం, కష్టం. పైగా బ్యానర్ లాగేటప్పుడు పవర్ ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి గాలి చాలక ఇంజిన్ వేడెక్కుతుంది.

లక్ష్మి_ఎడిసన్:
పెద్ద మ్యాచ్ జరుగుతుంటే స్టేడియం మీద 3,000 అడుగుల లోపు ఎగరనివ్వరు. బీచ్‌లో ఉన్న మా పిల్లలకి ఆ రూల్ లేదేం?

టెయిల్‌వీల్:
మేడం, అది టెర్రరిస్టుల భయంతో పెట్టింది. మేం ఇసుక మీద కాదు, నీళ్ల మీదుగా వెళ్తాం.

లక్ష్మి_ఎడిసన్:
నీళ్లలో మనుషులుండరా? 2019 మార్చిలో ఫ్లోరిడా ఫోర్ట్ లాడర్‌డేల్‌లో బ్యానర్ విమానం అపార్ట్‌మెంట్‌ని గుద్దింది. పైలట్ పోయాడు.

జెర్సీ_నాన్న:
అదే నా బాధ. ఇల్లు తాకట్టు పెట్టి చదివించాను. విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరరా అంటే వినడు.

టెయిల్‌వీల్:
పక్క సీట్లో రోజూ కొత్తవాడిని కూర్చోబెట్టుకోవడం సేఫని మీకెవరు చెప్పారు? ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. మీ భయం వాడి ప్రాణం గురించా, చుట్టాల ముందు పరువు గురించా?

జెర్సీ_నాన్న:
మర్యాదగా మాట్లాడండి. పరువే అనుకోండి! గుంటూరులో మా అన్నయ్య అడిగితే మావాడు బీరు కంపెనీ గుడ్డ లాగుతున్నాడని చెప్పాలా? సరే, అది పక్కన పెట్టండి. 500 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే వాడికి ఎంత టైముంటుంది? ఆ మాట మాత్రం దాటేస్తున్నారు.

పొట్టిగారె:
మా తమ్ముడు ఇన్‌స్ట్రక్టరే. అక్కడా జీతం అంతంతమాత్రమే.

టెయిల్‌వీల్:
నిమిషం కూడా ఉండదు. దాచేదేముంది? మీవాడిని ఆ కంపెనీని రెండు విషయాలు అడగమనండి. బ్యానర్ వదిలే మీట రోజూ ఎవరు చెక్ చేస్తారు? ఇంజిన్ వేడెక్కిందని బ్యానర్ సముద్రంలో వదిలేసి వస్తే జీతంలో కోస్తారా? రెండోదానికి నసిగారంటే చేరొద్దనండి.

లక్ష్మి_ఎడిసన్:
అంతా మీ కుర్రాడి గంటల గురించే. కింద ఈత కొట్టేవాళ్లని ఏ కంపెనీ అడిగిందో ఎవరూ చెప్పలేదు.