సిలువ శుక్రవారమా, బుధవారమా? మార్కు 16:1, లూకా 23:56 గురించి సందేహం

లేఖనాలు శ్రద్ధగా చదివే పెద్దలందరికీ వందనాలు. క్రీస్తు సిలువ మరణం శుక్రవారం కాదనీ, బుధవారమనీ వాదించేవారు క్రీస్తు భూగర్భంలో ఉండే కాలం గురించి మత్తయి 12:40లోని "మూడు రాత్రింబగళ్లు" అనే మాటను ముందుకు తెస్తారు. దానికి జవాబుగా, దినంలో కొంత భాగాన్ని కూడా పూర్తి దినంగా లెక్కించడం యూదుల వాడుక అని ఎస్తేరు 4:16ను (మూడు దినాలు రాత్రింబగళ్లు ఉపవాసం) 5:1తో (మూడవ దినానే ఎస్తేరు రాజు దగ్గరికి వెళ్లడం) పోల్చి చూపుతారు; అది నాకు సమంజసంగానే తోస్తుంది. ఎమ్మాయు గ్రామానికి వెళ్లే మార్గంలో శిష్యులు ఆదివారాన్ని "మూడవ దినము" అనడం (లూకా 24:21) కూడా శుక్రవారానికే చక్కగా కుదురుతుంది.

నాకు చిక్కుముడి పడింది, యేసు దేహానికి పూయడానికి స్త్రీలు సిద్ధపరచిన సుగంధద్రవ్యాల దగ్గర. విశ్రాంతిదినం (యూదులు పని మానే దినం, మామూలుగా శనివారం) గడిచాక స్త్రీలు వాటిని కొన్నారని మార్కు 16:1 చెబుతుండగా, సిద్ధపరచిన తరువాతే విశ్రాంతిదినాన్ని ఆచరించారని లూకా 23:56 చెబుతోంది. యోహాను 19:31లోని "మహాదినము" లేవీయకాండము 23:7 ప్రకారం వచ్చే పులియని రొట్టెల పండుగ విశ్రాంతి అయితే, ఆ వారంలో రెండు విశ్రాంతిదినాలు, వాటి నడుమ కొనుగోలుకు ఒక పనిదినం ఉన్నట్లే కదా? శనివారం సూర్యాస్తమయం తరువాత మరికొన్ని కొన్నారనుకుంటే సరిపోతుందా? గ్రీకు మూలం తెలిసినవారు, శుక్రవారాన్ని నమ్ముతూ ఈ రెండు వచనాలను ఎలా సమన్వయిస్తారో దయచేసి వివరించగలరు.