అమ్మ మోకాళ్ళకి కొవ్వులోంచి తీసిన స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటున్నారు, చేయించొచ్చా?

తెనాలి_అమ్మాయి

నమస్తే అండీ అందరికీ. మా అమ్మకి 61, రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 అన్నారు. కింద కూర్చుని కూరలు తరగడం మానేసి మూడేళ్ళయింది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతుంది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆపరేషన్ అంటే ససేమిరా అంటుంది, మా పెద్దమ్మకి చేయించినప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చి నెలల తరబడి మంచం మీదే ఉంది, అదంతా అమ్మ దగ్గరుండి చూసింది.

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. పొట్ట దగ్గర కొవ్వు లాగి అందులోంచి స్టెమ్ సెల్స్ వేరు చేసి అదే రోజు మోకాళ్ళలోకి ఎక్కిస్తారంట, గుజ్జు మళ్ళీ పెరుగుతుంది, ఆపరేషన్ అవసరమే ఉండదు అన్నారు. రెండు కాళ్ళకి కలిపి 2 లక్షల 80 వేలు. "మీ కొవ్వే కదమ్మా, మీకు పడకపోవడమేంటి" అన్నారు, ఆ మాట అమ్మకి బాగా ఎక్కేసింది. తమ్ముడేమో అప్పు చేసైనా చేయిద్దాం అంటున్నాడు. సోమవారం లోపు అడ్వాన్స్ కట్టాలంట. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇంక్యుబేటర్37

అక్కా, అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టకండి. నేను పీహెచ్‌డీలో నాలుగేళ్ళు ఈ కణాలతోనే పని చేశాను కాబట్టి వాళ్ళు చెప్పిన "అదే రోజు" అంటే లోపల ఏం జరుగుతుందో చెప్తా.

లైపోసక్షన్ చేసిన కొవ్వు మాకు సీసాల్లో వచ్చేది, నెత్తురు కలిసి నారింజ రంగులో. సెలైన్‌తో నాలుగైదు సార్లు కడిగితే పసుప్పచ్చగా తేలుతుంది, అప్పుడు కొలాజినేస్ అనే ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర ముప్పావు గంట కదుపుతూ ఉంచితే ముద్దంతా కరిగిపోతుంది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నూనె పైకి వచ్చేసి ట్యూబ్ అడుగున చిటికెడు ఎర్రటి ముద్ద మిగులుతుంది. దాన్ని ఎస్‌వీఎఫ్ అంటారు. అందులో రక్త కణాలు, రక్తనాళాల గోడల కణాలు, ఇమ్యూన్ కణాలు అన్నీ ఉంటాయి, అసలు స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగేవి, కొద్ది శాతమే. వాటిని విడిగా కావాలంటే ప్లాస్టిక్ డిష్‌లో వేసి, అంటుకున్నవాటిని ఉంచి మిగతావి కడిగేసి, రెండు మూడు వారాలు పెంచాలి. కాబట్టి పొద్దున కొవ్వు తీసి సాయంత్రం ఎక్కించేది ఆ ఎర్రటి ముద్దే, లేదంటే ఎంజైమ్ కూడా వేయకుండా సన్నగా చిదిమిన కొవ్వు.

సైన్స్ అబద్ధం అని మాత్రం నేను అనను. 2001లో లాస్ ఏంజెలెస్ యూసీఎల్‌ఏలో ప్యాట్రీషియా జుక్ వాళ్ళు కొవ్వులోంచి తీసిన ఈ స్టెమ్ సెల్స్ ఎముకగా, గుజ్జుగా, కండరంగా మారగలవని చూపించారు. ఎముక మజ్జ కంటే కొవ్వులో ఇవి వందల రెట్లు ఎక్కువ దొరుకుతాయి, తీయడం కూడా తేలిక, అందుకే ప్రపంచమంతా దీని వెంట పడింది. కానీ డిష్‌లో గుజ్జుగా మారాలంటే మేం వారాల పాటు గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాల్ని అటు మళ్ళించే ప్రోటీన్లు పోస్తాం, మోకాల్లో ఎవరు పోస్తారు? లోపలికి వెళ్ళిన కణాలు చాలావరకు కొన్నాళ్ళకే చచ్చిపోతాయి, ఉన్నన్నాళ్ళు వాపు తగ్గించే సిగ్నల్స్ వదులుతాయి. వీటికి మీసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్ అని 1991లో పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ గారే 2017లో ఆ పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది, మార్చండి అని రాశారు.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం. కొవ్వు కణాలతో చేసిన అలోఫిసెల్ అనే మందుకి యూరప్‌లో 2018లో పర్మిషన్ వచ్చింది, క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బులో మలద్వారం దగ్గర పడే ఫిస్టులాలకి, అంటే చీము కారే దారులకి. ఆ రోజు మా ల్యాబ్‌లో స్వీట్లు పంచుకున్నాం. పర్మిషన్‌కి కారణమైన ట్రయల్‌లో 6 నెలలకి మందు తీసుకున్నవాళ్ళలో సగం మందికి మానింది, ఉత్తి సెలైన్ వాళ్ళలో మూడోవంతు మందికి. తర్వాత ఇంకా పెద్ద ట్రయల్ చేస్తే 2023లో ఆ తేడా కూడా నిలబడలేదు, 2024 చివర్లో మార్కెట్ నుంచి తీసేశారు. 12 కోట్ల కణాలు లెక్కపెట్టి, ప్రతి బ్యాచ్ టెస్ట్ చేసి ఇచ్చిన మందు సంగతే అది. మీ క్లినిక్‌లో ఎన్ని కణాలు ఎక్కిస్తారో, అందులో ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టే మిషన్ ఉందేమో ఒక్కసారి అడిగి చూడండి.

ఆర్థో_పీజీ_వైజాగ్

పైన ఇంక్యుబేటర్ తమ్ముడు బాగా చెప్పాడు. నేను మోకాలి సంగతి వరకే చెప్తానమ్మా. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్ళ ఆధ్వర్యంలో దాదాపు 480 మంది మోకాలి అరుగుదల పేషెంట్ల మీద ట్రయల్ చేసి 2023లో నేచర్ మెడిసిన్ అనే జర్నల్‌లో వేశారు, కొంతమందికి ఎముక మజ్జ, కొంతమందికి ఇదే కొవ్వు ఎస్‌వీఎఫ్, కొంతమందికి బొడ్డుతాడు కణాలు, మిగతావాళ్ళకి మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఏడాది తర్వాత నొప్పి చూస్తే ఏ కణాలూ స్టెరాయిడ్ కంటే మెరుగ్గా పనిచేయలేదు, ఎంఆర్‌ఐలో కూడా తేడా లేదు. గుజ్జు మళ్ళీ పెరుగుతుంది అని మీ అమ్మగారికి చెప్పినవాళ్ళు ఏం చూసి చెప్పారో నాకైతే అర్థం కావట్లేదు.

"మీ కొవ్వే కదా" అనే మాట ఫ్లోరిడాలో కూడా ముగ్గురు పెద్దావిడలు నమ్మారు, కళ్ళలోకి కొవ్వు కణాలు ఎక్కించుకుని చూపు పోగొట్టుకున్నారు, 2017లో ఎన్‌ఈజేఎమ్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మోకాలికి అంత ప్రమాదం లేదు, భయపెట్టడానికి చెప్పట్లేదు, కానీ బయటకి తీసి కడిగి కలిపి మళ్ళీ లోపలికి పంపే ఏదైనా ఇన్ఫెక్షన్ తెచ్చే అవకాశం ఉంటుంది.

మన దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం రక్త సంబంధ జబ్బులకి చేసే ట్రాన్స్‌ప్లాంట్ తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకం ఏదైనా క్లినికల్ ట్రయల్‌గానే చేయాలి. ఆ తర్వాత మోకాలి అరుగుదలకి పర్మిషన్ వచ్చిన స్టెమ్‌ప్యూసెల్ ఉంది, కానీ అది బెంగళూరు కంపెనీ దాతల ఎముక మజ్జ నుంచి తయారుచేసేది, మీకు చెప్పిన పొట్ట కొవ్వుకీ దానికీ సంబంధం లేదు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ నంబర్, అంటే మన దేశ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైన నంబర్ ఉంటుంది, ట్రయల్‌లో పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

గ్రేడ్ 3 అంటే ఆపరేషన్‌కి ఇంకా టైమ్ ఉంది. బరువు ఎంతుంటారు? ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. తొడ కండరానికి ఎక్సర్‌సైజులు మూడు నెలలు ఒక మంచి ఫిజియో దగ్గర సీరియస్‌గా చేయించండి, నొప్పి ఎక్కువున్న కాలికి ఎదురు చేతిలో కర్ర పట్టుకోమనండి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. రేపు ఆపరేషన్ దాకా వెళ్ళినా, 2017లో కేంద్రం మోకాల్లో పెట్టే ఇంప్లాంట్ ధరలకి సీలింగ్ పెట్టింది కాబట్టి ఖర్చు ముందులా లేదు.

కరీంనగర్_రాజన్న

చెల్లె, మా బాపుకు చేయించినం ఇది, రెండేండ్ల కింద. పేరు చెప్పను గని వేరే ఊర్ల. నాలుగు నెల్లు మంచిగనే ఉండె, పొలం దాక నడిచిపోయి వచ్చేటోడు, మేమందరం సంబురపడ్డం. మల్ల మెల్లగ అదే నొప్పి. అడిగితే ఇంకో డోస్ పడాలె అన్నరు, ఇంకో లక్షన్నర. బిల్లు తీసి చూస్తే రీజెనరేటివ్ ప్రొసీజర్ అని ఒక్క లైన్ ఉంది, ఏం ఎక్కించిన్రు ఎంత ఎక్కించిన్రు ఏం లేదు, వేరే డాక్టర్‌కు చూపెడుదామంటె కాయితమే లేకపాయె. పైసలకంటె ఎక్కువ, ఆ ఏడాదంత బాపు ఆశపెట్టుకొని కూసున్నడు, అది యాదికొస్తె ఇప్పటికీ పాణం కలుక్కుమంటది. ఆఖరికి పోయినేడు ఆపరేషనే చేయించినం, ఇప్పుడు మంచిగ నడుస్తున్నడు.

తెనాలి_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండీ, రాజన్న గారూ మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించాను. ఈరోజు ఫోన్ చేసి సీటీఆర్‌ఐ నంబర్, కణాల లెక్క రెండూ అడిగాను, "అవన్నీ రీసెర్చ్ వాళ్ళకి మేడమ్, మీరు వస్తే డాక్టర్ గారు ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు" అన్నారు, మళ్ళీ అడిగితే ఈ వారం కడితే 40 వేలు తగ్గిస్తామన్నారు. అది విని తమ్ముడే వద్దన్నాడు. అమ్మ బరువు 78 కిలోలు డాక్టర్ గారూ. గుంటూరులో ఫిజియో అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. కర్ర మీరు చెప్పినట్టే ఇంతకాలం నొప్పి ఉన్న వైపే పట్టుకుంటోంది, ఇందాకే చెయ్యి మార్పించాను.