సమస్యాపూరణం: "ఇల్లు మీఁదఁ బడిన నేమి కాదు"

నిర్వాహకుడు: ఈ పాదంతో ముగిసేలా పద్యం చెప్పండి. ఛందస్సు ఆటవెలది. నియమం ఒక్కటే, పూరణ హాలీవుడ్ మూకీల నటుడు బస్టర్ కీటన్ గురించి ఉండాలి. ఆయన మీద ఇల్లు నిజంగానే పడింది మరి!

కొత్తకలం:
తండ్రి విసరుచుండఁ దడఁబడక నిలిచె
బాల్యమందు రంగస్థలము పైన
అలవడినది దెబ్బ లంటకుండెడి విద్య
ఇల్లు మీఁదఁ బడిన నేమి కాదు

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది. తండ్రి జో కీటన్ హాస్య ప్రదర్శనల్లో పసివాణ్ణి వేదిక మీద అటూ ఇటూ విసిరేవాడు. పిల్లవాణ్ణి హింసిస్తున్నారంటూ న్యూయార్క్‌లో బాలల రక్షణ సంఘం వెంటపడింది కూడా. రెండో పాదమే కుంటింది. 'స్థ' ముందున్న 'గ' గురువై (దీర్ఘంగా లెక్కకొచ్చి) గణం, అంటే అక్షరాల లయ, చెడింది. పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి, అంటే యతి, అదీ తప్పింది. "బాల్యమందె వేదిపైన నతఁడు" అంటే సరి.

మధుపం:
కిటికి పడెడి చోటఁ గీటుపై నిలుచున్న
బస్టరునకు మృత్యుభయము లేదు
కొలత తప్పకున్నఁ గొంప మునుగదయ్య!
ఇల్లు మీఁదఁ బడిన నేమి కాదు

నిర్వాహకుడు: 'కొంప మునుగదయ్య' అన్నచోట పకపకా నవ్వాను. 1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' చిత్రంలోని దృశ్యమిది, శాక్రమెంటో నది ఒడ్డున తీశారు. ఇంటి ముందుగోడ యావత్తూ విరుచుకుపడుతుంది. పైకిటికీ ఖాళీలో కీటన్ నిలువునా మిగులుతాడు, రెప్ప కూడా వేయడు. చట్రానికీ ఒంటికీ మధ్య అంగుళాల దూరమే. అయితే రెండో పాదం ధైర్యమంటోంది, మూడోది లెక్క అంటోంది. నా ఓటు లెక్కకే.

గోదావరి:
సంతకమ్ము వెట్టి సొంతదారిని వీడె
అదియె దెబ్బయయ్యె నతని కళకు
కాగితమ్ము పడినఁ గాచువాఁడె కరువు
ఇల్లు మీఁదఁ బడిన నేమి కాదు

నిర్వాహకుడు: మొదటి పాదంలో 'సంత – సొంత' ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పోలిక) చక్కగా అమరింది. కీటన్ సంతకం పెట్టి చేరిన హాలీవుడ్ చిత్రసంస్థ ఎం.జి.ఎం. పేరెత్తకుండానే అంతా చెప్పారు. ఆ ఒప్పందం కుదిరిందీ 1928లోనే. వద్దని చాప్లిన్ చెప్పినా కీటన్ వినలేదు.

మధుపం: గోదావరి గారూ, చిన్న పేచీ. ఆ సంస్థలో ఆయన తీసిన మొదటి చిత్రం 'ది కెమెరామన్' బ్రహ్మాండంగా ఉంటుంది కదా! దెబ్బ ఎక్కడ?

గోదావరి: మొదటిది సరే. తర్వాత కథ, హాస్యం, చివరికి పక్కనటుడు కూడా వాళ్ల ఇష్టమే అయ్యాయి. కొలతలు తానే చూసుకునే మనిషికి అదే ఉరి. 1933లో పొమ్మన్నారు. నా పద్యం మార్చను.