ఒంటి సర్: ఈ ‘ఒంటి’ ఏ ఒంటి?

గుత్తి మనవడు: మా తాత తెలుగు పండితుడు. మద్రాసు గవర్నర్‌గా చేసిన సర్ థామస్ మన్రోను ముందు మా గుత్తిలోనే పూడ్చారు కదా, ఆ దారిన నడిచినప్పుడల్లా ఒక మాట అనేవాడు: "మన్రో దొరది ఒంటి సర్ కాదప్పా..." ఆ తర్వాతది గుర్తు రావడం లేదు. నాలుగు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. ఎవరైనా విన్నారా?

తెనాలి సూరి: వినక్కర్లేదు, "ఇంటి సర్". బ్రిటిష్ వాళ్ల ‘సర్’ రెండు రకాలు, నైట్, బారొనెట్. మన్రోకి 1825లో వచ్చింది బారొనెట్. నైట్ అయితే మనిషితోనే సరి, కట్టమంచి వారి సర్ అలాంటిదే. బారొనెట్ పెద్దకొడుక్కి దిగుతుంది. 1827లో పత్తికొండలో కలరాతో మన్రో పోయేసరికి ఆ సర్ పసివాడైన కొడుక్కి వెళ్లింది. కాబట్టి ఒంటి అంటే ఒంటిమీద ఉండి ఒంటితో పోయేది. ఇల్లు–ఇంటి, ఒళ్లు–ఒంటి, రెండూ ఔపవిభక్తికాలే, అంటే విభక్తి ముందు ‘టి’ చేరి మారే మాటలే. పండితులు ఊరికే జత కట్టరు.

హనుమకొండ టీచర్: ఒప్పుకోను. ఒంటిపూట బడి, ఒంటికాలు, ఒంటెద్దు బండి. ఇక్కడా ఒక్కడిదే అని అర్థం. ఒంట్లో సర్ ఏంటండీ, షుగరా?

తెనాలి సూరి: షుగర్ అయితే కొడుక్కీ వస్తుంది మాస్టారూ. మీ ఉదాహరణ నాకే పనికొచ్చింది.

బొంబాయి కామాటి: ఇంటి సర్ చూడాలంటే మా ఊరు రండి. జంషెడ్జీ జీజీభాయ్ 1842లో నైట్, 1857లో బారొనెట్. అంటే ముందు ఒంటి, తర్వాత ఇంటి! పైగా 1860లో ఏకంగా చట్టమే చేశారు: బిరుదు అందుకున్న వారసుడు సొంత పేరు వదిలేసి జంషెడ్జీ జీజీభాయ్ అనే పిలిపించుకోవాలి. పెద్దకొడుకు కర్సెట్జీ అలాగే మారిపోయాడు. మనకు ఇంటిపేరే వారసత్వం, వాళ్లకు ఒంటిపేరు కూడా. 1913లో అహ్మదాబాద్ చీనుభాయ్ ఇంటికీ ఇదే పద్ధతి పెట్టారు.

చీరాల చిన్నోడు: అందరూ పొరపడ్డారు. అది ఇంటి కాదు, "కొంటి సర్"! 1611లో ఇంగ్లండ్ జేమ్స్ రాజు ఈ బారొనెట్ బిరుదు పెట్టిందే ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో సైన్యం ఖర్చుకి. ముప్పై మంది సిపాయిలు, మనిషికి రోజుకు ఎనిమిది పెన్నీలు, మూడేళ్లు. లెక్క కట్టండి, 1,095 పౌండ్లు. అంత పోసినా ప్రభువుల సభలో కుర్చీ మాత్రం రాదు. "కొంటి", అంటే నేను కొన్నాను అని, బిరుదు కొన్నవాడే చెప్పుకుంటున్నాడు చూడండి, ఉత్తమ పురుష!

తెనాలి సూరి: ఊహ బాగుంది కానీ మన్రో ఏం కొన్నాడు? ఆయనకిచ్చింది బర్మా యుద్ధంలో చేసిన పనికి. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మనిషిని పట్టుకుని కొంటి అంటారా?

కడప కలం: టీచర్ గారిదే రైటు. ఒంటి అంటే ఒక్కటే. మా ఒంటిమిట్టే సాక్ష్యం. పోతన చెప్పిన ఏకశిలానగరం ఇదే కదా, ఏక అంటే ఒంటి.

హనుమకొండ టీచర్: అర్థం వరకు మీరు నాతో, ఊరి వరకు కాదు. ఏకశిలానగరం ఓరుగల్లు. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. పోతనది బమ్మెర.

కడప కలం: మా గుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉన్నారండీ. ఇంకేం కావాలి?

తెనాలి సూరి: ఒంటిమిట్ట పేరు ఒంటుడు, మిట్టుడు అనే దొంగల నుంచి వచ్చిందని మీ కడపవాళ్లే చెబుతారు. అది నిజమైతే అక్కడ ఏకం లేదు, దొంగే ఉన్నాడు.

కడప కలం: కట్టుకథలు ఇక్కడ పెట్టకండి. పోతన రాసిన ప్రతి పద్యంలోనూ...

గుత్తి మనవడు: అన్నా, ఆగండి. పొద్దున మా అత్తకు ఫోన్ చేశా. తాత "ఒంటి సర్" అనేవాడే కాదట. "ఒట్టి సర్ కాదప్పా" అనేవాడట. తర్వాత ఇంకేమీ లేదట.

తెనాలి సూరి: అత్తగారికి ఎన్నేళ్లు? చెవులు బాగా వినిపిస్తాయా?

చీరాల చిన్నోడు: ఒట్టి సర్, గట్టి సర్! ప్రాస కూడా కుదిరింది.

హనుమకొండ టీచర్: ఒట్టో గట్టో మీరు తేల్చుకోండి. ఏకశిలానగరం మాత్రం ఓరుగల్లే.