బీపీకి వెన్నులో పంపు పెడతారట, వైజాగ్‌లో ఎవరైనా చేస్తున్నారా?

గాజువాక కుర్రాడు:
మా నాన్నగారికి 62. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. నాలుగు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ 170/100 కిందకి దిగట్లేదు, అమ్మకి ఒకటే టెన్షన్. వెన్నులోకి సన్న గొట్టం పెట్టి మందు నేరుగా పంపించే ప్రయోగాల గురించి చదివాను. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో అడగమంటారా?

మత్తు డాక్టరు:
పంపు కొత్తదేం కాదండి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్, కండరాలు బిగుసుకుపోయేవాళ్ళకి బాక్లోఫెన్ ఇలాగే ఇస్తారు. పొట్ట చర్మం కింద గుండ్రటి పంపు, అందులోంచి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి గొట్టం, మందు అయిపోయేలోపు పైనుంచి సూది గుచ్చి నింపడం. బీపీకి పరీక్షించిన మందు క్లోనిడిన్. రక్తనాళాల్ని బిగించే నరాల సంకేతాలు వెన్నుపాము నుంచే బయల్దేరతాయి కాబట్టి అక్కడే తగ్గిద్దామని ఆలోచన. నొప్పికని ఇచ్చినప్పుడు బీపీ పడిపోవడం మాకు తెలిసిందే, మేం దాన్ని సైడ్ ఎఫెక్ట్ అంటాం! చిక్కెక్కడంటే, గొట్టం మెలిపడినా పంపు ఆగినా మందు ఒక్కసారిగా ఆగిపోయి బీపీ మునుపటికంటే పైకి తన్నేస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తే మెదడు పొరల దాకా పోవచ్చు. ఇది ఇంకా పరీక్షల మాటే, మామూలు వైద్యం కాదు.

ఎంవీపీ కాలనీ అక్క:
తమ్ముడూ, నాన్నగారు మోకాళ్ళకేమైనా వాడుతున్నారా? మా పెద్దమ్మ రోజూ డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర మింగేది, ఆ సంగతి బీపీ డాక్టరుకి చెప్పనే లేదు. పైగా పూటపూటా ఎండుచేపలు. అవి మానిపించాకే బీపీ దారికొచ్చింది.

గాజువాక కుర్రాడు:
మోకాళ్ళకి రోజూ ఏదో వేసుకుంటారక్కా. ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. గురక కూడా పక్క గదికి వినిపిస్తుంది.

మత్తు డాక్టరు:
అయితే ముందు ఇవి చూడాలి. గురకకి స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే పరీక్ష), రక్తంలో బీపీని నడిపించే ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్షలు. ఆ నాలుగు మాత్రల్లో స్పైరనోలాక్టోన్ అనేది ఉందా? మూడు మందులకి లొంగని బీపీలో అదనపు మందుగా అదే బాగా పనిచేసిందని 2015లో పాత్‌వే-2 ట్రయల్ చూపించింది, కాకపోతే రక్తంలో పొటాషియం పెరగకుండా చూసుకుంటూ ఉండాలి. కొత్త పద్ధతుల విషయంలో తొందరొద్దు. కిడ్నీ నరాల్ని కాల్చే చికిత్స మీద మొదట ఎంత హడావుడి చేశారో, 2014లో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోలిస్తే పెద్దగా తేడా తేలలేదు. పరికరాలు మార్చి మళ్ళీ పరీక్షలు పెట్టాకే 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో జరిగే ట్రయల్ ఏదైనా సీటీఆర్‌ఐ (ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ జాబితా) వెబ్‌సైట్‌లో నమోదై ఉండాలి. నమోదు లేకుండా ఎవరైనా బీపీకి పంపు పెడతాం, ఇంత కట్టండి అంటే లేచి వచ్చేయండి.

కేజీహెచ్‌కి వెళ్ళేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో పట్టుకెళ్ళండి, మోకాళ్ళవి కూడా. ఈలోగా బీపీ మాత్ర ఒక్కటి కూడా సొంతంగా ఆపకండి.