గ్రావెల్ సైకిల్ అమ్మేసి ఆల్‌రోడ్ తీసుకోవడం సబబేనా?

మధురవాడ నుంచి:
మూడేళ్లుగా గ్రావెల్ సైకిల్ (మట్టిబాటలకీ పనికొచ్చే వెడల్పు టైర్ల సైకిల్) తొక్కుతున్నాను. 40 మి.మీ. గుబ్బల టైర్లు, ముందు పెడళ్ల దగ్గర 40 పళ్ల సింగిల్ రింగు, వెనక 11-42 క్యాసెట్, అంటే 11 నుంచి 42 పళ్ల దాకా ఉన్న గేర్ల వరస. ఆనందపురం వైపు తోటల మధ్య మట్టిబాటల్లో తిరగాలని కొన్నాను, తిరిగాను కూడా. కానీ నిరుటి రైడ్లు లెక్క తీస్తే పదింట తొమ్మిది తారురోడ్డు మీదే. పొద్దున్నే రుషికొండ మీదుగా భీమిలి వెళ్లి రావడం, ఆదివారాలు ఎస్.కోట, చలికాలంలో అరకు. భీమిలి నుంచి తిరిగొచ్చేటప్పుడు నైరుతి గాలి ఎదురుకొడితే, ఆ గుబ్బల రొద వింటూ తొక్కేసరికి కాళ్లు పీకేస్తాయి. ఈ చలికాలంలో 200 కి.మీ. బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్) పూర్తి చేయాలని ఉంది, గడువు 13 గంటల 30 నిమిషాలు. అందుకే ఇది అమ్మేసి, ముందు రెండు రింగులున్న ఆల్‌రోడ్ (ప్రధానంగా తారురోడ్డుకి, కాస్త వెడల్పు టైర్లు కూడా పట్టే సైకిల్) తీసుకుందామనుకుంటున్నాను. మా గ్రూపులో అందరూ డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

గోపాలపట్నం నుంచి:
తొందరపడి అమ్మకు తమ్ముడూ. ముందు టైర్లు మార్చి చూడు. 32 లేదా 35 మి.మీ. నున్నటి ట్యూబ్‌లెస్ టైర్లు నీ చక్రాలకే పడతాయి. రిమ్ము లోపలి వెడల్పు మాత్రం చూసుకో. 25 మి.మీ. ఉంటే 28 టైరు జోలికి వెళ్లకు. నువ్వు చెప్పిన బాధలో ముప్పాతిక వంతు గుబ్బలదే, ఫ్రేముది కాదు. మన సైకిళ్లకి సెకండ్ హ్యాండ్‌లో సగం ధర వస్తే గొప్ప. ఆ నష్టం ఎందుకు భరించాలి? పైగా వానాకాలం వెళ్లేసరికి లారీలు తిరిగే రోడ్లు ఎలా అవుతాయో తెలుసుగా. ఆ గుంతల్లో పొడుగాటి గ్రావెల్ ఫ్రేమే నిలకడగా ఉంటుంది.

సీతమ్మధార నుంచి:
అన్నా, మీరు చెప్పిందే నేను ముందు చేశాను. బీచ్ రోడ్డు మీద తేడా నిజంగా తెలిసింది, కాదనను. కానీ రెండు చిక్కులు మిగిలాయి. 40 టైరు తీసి 32 వేస్తే సైకిల్ మొత్తం దాదాపు 8 మి.మీ. కిందికి దిగుతుంది. గ్రావెల్ ఫ్రేముల్లో పెడల్ ఇరుసు అసలే కిందికి ఉంటుంది కదా, ఘాట్ మలుపులో వంగి తొక్కుతుంటే పెడల్ నేలకి తగిలింది. అప్పటినుంచి మలుపు వస్తే చాలు, టెన్షన్.

రెండోది గేర్లు, నా మటుకు ఇదే అసలు విషయం. 11-42 క్యాసెట్‌లో పెద్ద గేర్ల పళ్లు 28, 32, 37, 42. ఎస్.కోట దాటాక ఘాట్‌లో గంటకి 12 కి.మీ. వేగంతో ఎక్కుతున్నామనుకోండి. 40 రింగుతో వెనక 32 పళ్ల మీద పెడల్ నిమిషానికి 74 తిప్పులు పడతాయి, 37కి మారితే ఒక్కసారిగా 86. ఒకటి బరువు, ఇంకోటి గాలిలో తొక్కినట్టు. ఇప్పుడు నా సైకిల్‌కి ముందు 48, 31 పళ్ల రెండు రింగులు, వెనక 11-34 క్యాసెట్. 31 రింగుతో 25 మీద 75 తిప్పులు, 27 మీద 81. ఊపిరి తప్పకుండా పైదాకా ఒకే లయలో ఎక్కగలుగుతున్నాను. అన్నిటికన్నా తేలిక గేరు కూడా నా పాతదానికన్నా కాస్త తేలికే. ఇది టైర్లు మార్చినంత మాత్రాన వచ్చేది కాదు.

భీమిలి నుంచి:
గేర్ల మాట ఒప్పుకుంటాను. కానీ 35కి మించి టైరు పట్టని ఫ్రేము మాత్రం తీసుకోవద్దు బాబూ. మా వైపు ఎర్రమట్టి తడిస్తే బంకలా అంటుకుంటుంది. ఫోర్కుకీ టైరుకీ మధ్య మూడు నాలుగు మి.మీ. సందే ఉంటే మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. తోటబాటలో చక్రం తిరగక, సైకిల్‌ని భుజాన వేసుకుని రెండు కిలోమీటర్లు నడిచాను. 38 పట్టే ఫ్రేములో 35 టైరు వేసుకుంటే మన వానలకి సరిపోతుంది. ఇంకో మాట. ఏ టైరు వేసినా ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం ఎవరూ తొక్కకండి, దయచేసి. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది, ఒక్క చక్రపు గాడి పడితే వాననీరు అక్కడే కోసేస్తుంది.

మధురవాడ నుంచి:
అక్కా, ఆ సందు సంగతి నేనసలు ఆలోచించలేదు. 35 పట్టేదానికే అడ్వాన్స్ ఇవ్వబోతున్నాను, ఆపేస్తాను. అన్నా, మీరు చెప్పినట్టు ఈ వారం 35 నున్నటి టైర్లు వేసి భీమిలి వెళ్లొస్తాను. గాలి బాధ అక్కడే తీరిపోతే బ్రెవేకి అవే చాలేమో. ఘాట్ సంగతి మాత్రం టైర్లతో తేలదు. సీతమ్మధార గారూ, ఆదివారం ఎస్.కోట దాకా కలిసి వెళ్దామా? ఘాట్‌లో ఓ పది కిలోమీటర్లు సైకిళ్లు మార్చుకుని తొక్కుదాం. నాది 54 సైజు ఫ్రేము.

సీతమ్మధార నుంచి:
నాదీ 54వే. మీ పెడళ్లు తెచ్చుకోండి, అక్కడే బిగించుకుందాం. తెల్లారి నాలుగున్నరకి హనుమంతవాక జంక్షన్ దగ్గర ఉంటాను.